సంస్థవారి వేడి

మా రవాణా సంస్థ పెద్దాయన ఒకరు కొత్త బస్సుకు పచ్చజెండా ఊపుతూ పొరపాటున దాని వెనక నిలబడ్డారు. ముందు నిలబడి ఉంటే ఇదంతా జరిగేది కాదు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి గట్టిగా తొక్కాడు. పొగగొట్టంలోంచి వేడిగాలి బుస్సుమని వచ్చి ఆయన తెల్ల ప్యాంటు మీద పడింది. పక్కనున్నవాళ్లు కంగారుగా చేతిరుమాళ్లు తీశారు. ఆయన వాళ్లని వారించి, కాసేపు కాలు అలాగే పెట్టుకుని ఆలోచించి, "ఇంత వేడి ఎవరిది?" అని అడిగారట.

"ఎవరిదీ కాదండి, ఇంజనుది" అన్నారట ఎవరో.

"ఇంజను ఎవరిది?"

"సంస్థదండి."

"అయితే వేడి కూడా సంస్థదే. సంస్థ ఆస్తి ఇన్నేళ్లుగా గాలిలో కలిసిపోతుంటే మీరందరూ ఏం చేస్తున్నారు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేనప్పుడు మా సంస్థలో ఒక విభాగం పుడుతుంది. రెండు నెలల్లో ప్రధాన కార్యాలయంలో వ్యర్థోష్ణ సమీకరణ విభాగం వెలిసింది. దానికి అధిపతిగా పరాంకుశం గారు వచ్చారు.

నా పేరు కామేశం. నేరేడువలస డిపోలో పెద్ద గుమాస్తాని. ముప్ఫై నాలుగు బస్సులున్న చిన్న డిపో మాది. ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని ఉత్తరాలు రాయడం. ఒక బస్సు చెట్టును గుద్దుకుంటే "మార్గమధ్యమున వృక్షముతో సంపర్కము ఏర్పడినది" అని రాయగలను. ఈ విద్య వల్ల ఎవరికీ కీడు జరగలేదని చాలాకాలం అనుకున్నాను.

కొత్త విభాగం వారు పంపిన యంత్రాలతో పాటు శశిరేఖ అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. యంత్రం అంటే రొట్టెల డబ్బా అంత పెట్టె. దాన్ని బస్సు పొగగొట్టానికి బిగించాలి. షెడ్డులో హెడ్ మెకానిక్ తవిటినాయుడు ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. తవిటినాయుడికి రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. బానెట్ తియ్యకుండానే, పక్కన నిలబడి శబ్దం విని బండికి ఏ జబ్బుందో చెప్పగల మనిషి.

"ఇదేటి సేస్తాది తల్లీ?" అని అడిగాడు.

"దీనికి ఒక పక్క పొగగొట్టం వేడి తగులుతుందండీ. రెండో పక్క బయటి గాలికి చల్లగా ఉంటుంది. వేడికీ చల్లదనానికీ మధ్య ఈ పలకలుంటాయి. వాటిలో కరెంటు పుడుతుంది."

"ఎంత పుడతాది?"

"ఎక్కువేం కాదు. రోజుకి రెండు యూనిట్లు. బస్సులో దీపాలకీ, టిక్కెట్ మిషన్ల చార్జింగుకీ సరిపోతుంది. డైనమో మీద బరువు తగ్గుతుంది కాబట్టి నూటికి ఒకటి రెండు లీటర్ల డీజిల్ మిగలొచ్చు."

తవిటినాయుడు తల ఊపాడు. "ఊరికినే పోయేదాన్ని పట్టుకుంటన్నావు గదా. ఒక లీటరైనా తక్కువేటి కాదు."

ఇద్దరూ కలిసి ఇరవై రోజుల్లో ముప్ఫై నాలుగు బస్సులకీ పెట్టెలు బిగించారు. పెట్టె పక్కన చిన్న మీటరు. ఆ అమ్మాయి చెప్పినట్టే రోజుకి రెండు యూనిట్లు వచ్చాయి. ఎప్పుడూ మినుకుమినుకుమనే దీపాలు బస్సుల్లో నిండుగా వెలిగాయి. ఎగువమెట్ట కొండ మీద నుంచి అనాసపళ్ల బుట్టతో సంతకు వచ్చే గౌరమ్మ, పొద్దుపోయాక తిరుగు బస్సెక్కి, "ఏటి బాబూ, పెళ్లి బస్సేటిది?" అని కండక్టరును అడిగింది. అందరూ సంతోషించారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

*

మొదటి నెల లెక్కలు చూసి పరాంకుశం గారు వీడియోలో సమీక్ష పెట్టారు. మా డిపో మేనేజరు విశ్వేశ్వరం గారు కొత్త చొక్కా వేసుకుని తెర ముందు కూర్చున్నారు. వారి వెనక నేను ఫైలు పట్టుకుని నిలబడ్డాను.

"రోజుకి రెండు యూనిట్లా?" అన్నారు పరాంకుశం గారు. "రెండు అనే అంకెలో ఆశయం కనిపించడం లేదు. ఎనిమిది పెట్టుకుందాం."

శశిరేఖ వెనక నుంచి, "సార్, ఆ పెట్టె తయారైందే రెండు యూనిట్ల కోసం" అంది.

"చూడమ్మా, మీరు సాంకేతికంగా మాట్లాడుతున్నారు. మేం విధానపరంగా మాట్లాడుతున్నాం."

లక్ష్యం ఎనిమిదని ఖాయమైంది. వారం తిరక్కుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది. "ఉత్పత్తి అయిన విద్యుత్తును వినియోగించుట వలన నిల్వలు తగ్గుచున్నట్లు గమనించడమైనది. కావున ఇకమీదట సదరు విద్యుత్తును ఎవరునూ ఏ కారణము చేతనూ వాడరాదు." బస్సుల్లో దీపాలు ఆర్పేశాం. నిండిన బ్యాటరీలను విప్పి, డిపోలో ఒక గదిలో వరసగా పేర్చి, తాళం వేశాం. గది తలుపు మీద "సంస్థవారి వేడి. తాకరాదు" అని నేనే రాశాను. కండక్టర్లు మళ్లీ సెల్‌ఫోను వెలుగులో చిల్లర ఇవ్వడం మొదలుపెట్టారు.

ఎనిమిది యూనిట్లు ఎక్కడి నుంచి వస్తాయి? విశ్వేశ్వరం గారు మంచివారే గాని భయస్తులు. ఆయన మీటర్ల రీడింగులన్నీ పట్టిక వేయించారు. తవిటినాయుడు సొంత బిడ్డలా చూసుకునే 2209 బస్సుకు ఒకటింపావు యూనిట్. షెడ్డు మూల పడేసి, తుక్కు కింద వేలం వేద్దామనుకుంటున్న 1174కి ఏకంగా అయిదు యూనిట్లు. ఆ బస్సు అడుగడుగునా దగ్గుతూ, ఎక్కడ పడితే అక్కడ నల్లటి పొగ కక్కుతూ, పొగగొట్టం ఎర్రగా కాలిపోతూ తిరిగేది. దానికి దండ వేయించారు. "ఆదర్శ వాహనము" అని బోర్డు కట్టించారు. తవిటినాయుణ్ణి పిలిపించారు.

"నాయుడూ, నీ 2209 ఎందుకు వేడెక్కడం లేదు?"

"ఎందుకెక్కాలి బాబూ? బాగున్నాది గదా."

"అదే ఇబ్బంది."

తవిటినాయుడు కాసేపు ఆయన మొహం, కాసేపు నా మొహం చూశాడు. ఆయన నవ్వడం లేదని అర్థమయ్యాక నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం అతనికి మెమో ఇచ్చాం. రాసింది నేనే. "తమ అధీనమందలి ఇంజను తగినంత తాపమును వెలువరించకుండుటకు గల కారణములను మూడు దినములలో విశదపరచవలెను."

మర్నాడు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కామేశం బాబూ, దీనర్థం ఏటి?"

"నీ బండి బాగుందని."

"మరి తిట్టినట్టున్నాదేటి?"

"ఆఫీసు భాషలో అలాగే ఉంటుంది నాయుడూ."

"అయితే జవాబు కూడా తవఁరే రాసీండి. ఇకముందు పాడు సేస్తానికి కృషి సేస్తానని రాయండి." గొంతులో కోపం లేదు. అలిసిపోయినట్టుంది, అంతే. "ముప్పయ్యేళ్ల నుంచి బండి సల్లగా ఉంటే మంచిదనుకున్నాను బాబూ. ఎవులూ కాదన్లేదు."

అతను వెళ్లాక ఆ మెమో నకలు ఫైలులో పెట్టి నంబరు వేశాను. అలవాటు.

*

ఎనిమిది అనే అంకెలోని ఆశయం ఎక్కడ నెరవేరుతుందో విశ్వేశ్వరం గారు కనిపెట్టింది ఆ వారంలోనే. ఎగువమెట్టకు వెళ్లే దారి ఇరవై రెండు కిలోమీటర్లు. అందులో సగం చదును. తరవాత తొమ్మిది మలుపుల ఘాటు రోడ్డు. ఆ ఘాటు ఎక్కేటప్పుడు ఏ బస్సయినా రొప్పుతుంది. 2209 కూడా మూడు యూనిట్లు ఇచ్చింది. విశ్వేశ్వరం గారు ఉన్నపళంగా మిగతా రూట్లు తగ్గించి, బస్సులన్నిటినీ కొండకు మళ్లించారు.

అంత మంది జనం కొండ మీదకు ఎందుకు వెళ్తారు? బస్సులు ఖాళీగా ఎక్కుతుంటే వేడి తగ్గుతోందని గమనించారు. అప్పుడు సీట్ల మీద ఇసక బస్తాలు వేయించారు. నిజమైన ప్రయాణికులు వస్తే నిలబడి రావాల్సిందే. గౌరమ్మ ఒక బస్తాను పక్కకు జరపబోతే కండక్టరు, "అమ్మా, ఆ సీటు రిజర్వు" అన్నాడు.

"ఇసక్కేటి రిజర్వేసనూ?"

"నువ్వు మధ్యలో దిగిపోతావు. అది దిగదు. సంస్థకు అలాంటి బరువే కావాలి."

ఇంత చేసినా సగటు ఎనిమిది దాటలేదు. ఎందుకంటే ఎక్కిన బస్సు దిగాలి కదా. దిగేటప్పుడు ఇంజను నిద్రపోతున్నట్టు ఉంటుంది. మీటరు కదలదు. మలి సమీక్షలో పరాంకుశం గారు ఆ పట్టికను తెర మీద పెద్దది చేసి చూపించారు.

"ఎక్కునపుడు మూడు యూనిట్లు. దిగునపుడు సున్నా. ఈ రెండింటినీ కలిపి మనం సగటు తీస్తున్నాం. అంటే ఏమిటి? మన ఆరోహణల కష్టాన్ని మన అవరోహణలు మింగేస్తున్నాయి."

విశ్వేశ్వరం గారు, "నిజమేనండి" అన్నారు.

"కాబట్టి అవరోహణ ప్రయాణాలను సోమవారం నుంచి నిలిపివేస్తున్నాం."

శశిరేఖ లేచింది. "సార్, ఎక్కిన బస్సు దిగకపోతే మళ్లీ ఎలా ఎక్కుతుంది?"

"అది ట్రాఫిక్ విభాగం వారి అంశం. మాది ఉష్ణం."

"సార్, బస్సు నడుస్తుంటే ఎలాగూ వచ్చే వేడిని వాడుకుందామని కదా ఈ పెట్టె పెట్టాం? వేడి కోసం బస్సు నడపడానికి కాదు కదా!"

పరాంకుశం గారు ఆమెను మెచ్చుకోలుగా చూశారు. "మీ ఉత్సాహం బాగుంది. మిమ్మల్ని శిక్షణకు పంపిస్తాం." మర్నాడే ఆమెకు ఉత్తర్వులు వచ్చాయి. ఈ ఉద్యోగానికి ముందు తాను కాలేజీలో బోధించిన పాఠాన్నే పదిహేను రోజులు కూర్చుని వినాలి. వెళ్లే ముందు షెడ్డుకు వెళ్లి తవిటినాయుడి దగ్గర తలవంచుకుని నిలబడింది. "నా పెట్టె వల్లే మీకిన్ని పాట్లు" అంది.

"పెట్టె ఏటి సేసింది తల్లీ, పాపం. రెండంటే రెండే ఇచ్చింది. అబద్దం ఆడనేదు" అన్నాడు అతను.

*

సోమవారం నుంచి బస్సులు ఎక్కడం, అక్కడే ఉండిపోవడం మొదలైంది. డ్రైవరు బస్సును ఎగువమెట్టలో నిలిపి, తాళం చెవిని బడి దగ్గర పెట్టిన కొయ్య పెట్టెలో వేసి, కండక్టరుతో కలిసి అడ్డదారిలో నడిచి దిగేవాడు. ఆ కాలిబాట రాళ్లమయం. కొండ దిగడానికి మూడు గంటలు. తరవాత చదును దారిలో పదకొండు కిలోమీటర్లు ఎవరైనా ఎక్కించుకుంటే ఎక్కడం, లేకపోతే నడవడం. అలా వచ్చి, మర్నాడు ఇంకో బస్సు తీసుకుని ఎక్కేవాడు.

మా డిపో సగటు తొమ్మిదిన్నరకు చేరింది. ఎక్కి ఊరుకున్న బస్సుకు ఎక్కినంతసేపట్లో వచ్చిన యూనిట్లనే రోజంతటికీ గుణించాలని, నిలిచి ఉన్న సమయం లెక్కించరాదని నేనే నోట్ రాశాను. రాష్ట్రంలో మాదే మొదటి స్థానం. "ఉష్ణశిఖర డిపో" అనే బిరుదు వచ్చింది. ఆ బిరుదు ఫలకం తగిలించిన నాటికి డిపోలో మూడు బస్సులు మిగిలాయి. అందులో ఒకటి 1174. దండ వేయించుకున్న వారానికే అది మొదటి మలుపులో కూలబడి, తాడు కట్టి లాగితే తిరిగొచ్చింది.

కొండ మీద నూట ఇరవై గడపల ఊరు. అక్కడ ముప్ఫై ఒక్క బస్సులు. బడి ఆవరణ నిండిపోయింది. సంత బయలు నిండిపోయింది. తరవాత వచ్చినవాటిని రాగి చేలకు ఆనించి నిలిపారు. ఊరివాళ్లు నాలుగు రోజులు ఆశ్చర్యపోయి, అయిదో రోజు నుంచి వాడుకోవడం మొదలుపెట్టారు. బస్సుల పైకప్పుల మీద పసుపు కొమ్ములు ఆరబోశారు. ఒక దానిలో కోళ్లను మూశారు. పంచాయతీ వాళ్లు అల్ట్రా డీలక్స్ బస్సులో సమావేశం పెట్టుకున్నారు. రాష్ట్రంలో జనాభా లెక్కన ఇన్ని బస్సులున్న ఊరు ఇంకోటి లేదు. ఆ ఊరి నుంచి కిందకు రావడానికి మాత్రం ఒక్కటీ లేదు.

గౌరమ్మ అనాసపళ్లు బుట్టలోనే మాగిపోయాయి. రోజూ తాళం చెవుల పెట్టె దగ్గరకు వచ్చి, "ఇన్ని బళ్లెట్టుకుని ఏటి సేసుకుంటారు బాబూ, పూజేటి?" అని దానితోనే మాట్లాడేది. అడగడానికి మనిషెవడూ దొరికేవాడు కాదు.

తరవాత జరిగింది దాలినాయుడు మాస్టారు నాకు చెప్పారు. ఆయన ఎగువమెట్ట హైస్కూలు హెడ్మాస్టరు. బడి నుంచి ఆ ఏడు పదకొండు మంది పిల్లలు పదో తరగతి పరీక్షలకు వెళ్లాలి. కేంద్రం నేరేడువలసలో. ముందే మా డిపోకు ఉత్తరం రాశారు. విశ్వేశ్వరం గారు ప్రత్యేక బస్సు వేస్తామని ఒప్పుకున్నారు. వేశారు కూడా. అది శనివారం కొండెక్కింది. నిబంధన ప్రకారం అక్కడే ఉండిపోయింది.

పరీక్ష రోజు పొద్దున్న ఏడింటికి పిల్లలు హాల్ టిక్కెట్లు జేబుల్లో పెట్టుకుని బడి ముందు నిలబడ్డారు. చుట్టూ బస్సులు. కాలిబాటన దిగితే మొదటి పరీక్ష అయిపోయాక చేరతారు. కిందనున్న ఆటోలు ఘాటు ఎక్కవు. మాస్టారు ఫోను మీద ఫోను చేస్తుంటే విశ్వేశ్వరం గారు, "పై నుంచి అనుమతి కోసం అడిగాం, పరిశీలనలో ఉంది" అంటున్నారు.

ఏడుంపావుకు ఆ రోజు మొదటి బస్సు ఎక్కి వచ్చింది. అందులో నలభై బస్తాల ఇసక, బ్యాటరీలు చూసుకోవడానికి తవిటినాయుడు. దిగి, పిల్లలను చూశాడు. ఒకమ్మాయి, పేరు జయంతి, గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటూ ఇంకా పుస్తకం చదువుతోంది.

"ఏటయింది మేష్టారూ?"

మాస్టారు చెప్పారు. పరీక్ష తొమ్మిదిన్నరకని చెప్పారు.

బస్సు తెచ్చిన డ్రైవరు సింహాద్రి వెనక్కి జరిగాడు. "నాకు ముగ్గురాడపిల్లలు మామా. నా ఉజ్జోగం పోతాది."

"నిన్నెవులు తోలమన్నారు? నాకు లైసెన్సు నేదేటి?"

తవిటినాయుడు తాళాల పెట్టెలో చెయ్యి పెట్టి 2209 తాళం చెవి తీశాడు. బస్సు చుట్టూ ఒకసారి నడిచాడు. టైర్లు తన్ని చూశాడు. బ్రేకు మూడుసార్లు తొక్కి చూశాడు. పైకప్పు మీది పసుపు దింపడానికి ఊరివాళ్లు వచ్చారు. సీట్ల మీది బస్తాలు పిల్లలే తోసేశారు. "కూకోండి. సదువుకోండి. కుదుపు నేకుండా తోల్తాను" అని, రెండో గేరులో మలుపులన్నీ మెల్లగా దింపాడు. గౌరమ్మ కూడా ఎక్కబోతే మాస్టారు వద్దన్నారట. నేరం పెద్దదవుతుందని.

తొమ్మిదింటికి బస్సు నేరేడువలస పరీక్షా కేంద్రం ముందు ఆగింది. పిల్లలు మొహాలు కడుక్కుని లోపలికి వెళ్లారు. మిగతా పరీక్షలకు మళ్లీ ఈ గొడవ ఎందుకని, తవిటినాయుడు ఆ పదకొండు మందినీ పరీక్షలు అయ్యేదాకా తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. వాళ్లావిడ ఆ పది రోజులూ పెళ్లివారి వంటలా పెద్ద గుండిగలు ఎక్కించింది.

2209 మీటరు మీద ఆ రోజు ఘాటు దిగినంతసేపూ సున్నా నమోదైంది. దాన్ని సాక్ష్యంగా షెడ్డులో పెట్టి సీలు వేశాం.

*

గురువారం పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. ఒకే పర్యటనలో మా డిపోకు సన్మానం, తవిటినాయుడికి విచారణ. రెండూ ఎగువమెట్ట బడి ఆవరణలోనే, బస్సుల మధ్య షామియానా వేసి ఏర్పాటు చేశారు. పరాంకుశం గారు ఆదర్శంగా ఉండాలని తమ జీపును కింద నుంచే వెనక్కి పంపేసి, ఇసక బస్తాల బస్సులోనే కొండెక్కారు. ఫొటోల కోసం వారికి ఒక బస్తా తీసి సీటు ఇచ్చారు. ఆ బస్సులోనే నేనూ, విశ్వేశ్వరం గారూ, చేతులు కట్టుకుని తవిటినాయుడూ ఎక్కాం. ఆ బస్సుతో కొండ మీదున్నవాటి లెక్క ముప్ఫై రెండయింది.

ముందు సన్మానం అయింది. విశ్వేశ్వరం గారికి శాలువా కప్పారు. తరవాత విచారణ. రాసేది నేను.

"మీరు సోమవారం నాడు ఈ శిఖరం నుంచి అనధికారికంగా అవరోహణ చేశారా?"

"దిగినానండి."

"మీటరులో సున్నా వచ్చింది. ఇంజను శక్తి లేకుండా బస్సు కిందికి ఎలా వెళ్లింది?"

"బరువుకి అదే జారతాది బాబూ. మనం పట్టుకోడవే."

"అంటే భూమి ఆకర్షణ సాయంతో."

"అలాగే అనుకోండి."

"భూమి ఆకర్షణను వాడుకోవడానికి సంస్థ నుంచి మీకు అనుమతి ఉందా?"

తవిటినాయుడు నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూసుకున్నాను. వెనక నిలబడిన దాలినాయుడు మాస్టారు ఆగలేకపోయారు. "అయ్యా, పిల్లల ఏడాది చదువు పోయేదండీ" అన్నారు.

"చదువు మరో శాఖ" అన్నారు పరాంకుశం గారు, మర్యాదగానే. తరవాత గడియారం చూసుకున్నారు. మూడున్నర. "మిగతా చర్యలు లిఖితపూర్వకంగా తెలియజేస్తాం. విశ్వేశ్వరం, నాకు అయిదున్నరకు రైలుంది. బండి తియ్యమనండి."

విశ్వేశ్వరం గారు శాలువా సర్దుకున్నారు. "ఏ బండండీ?"

"ఏదో ఒకటి. ముప్ఫై రెండున్నాయిగా."

"అన్నీ ఎక్కినవేనండి."

పరాంకుశం గారు చుట్టూ చూశారు. బహుశా అప్పుడే మొదటిసారి చూశారేమో. పైకప్పుల మీద పసుపు. కిటికీలోంచి తల పెట్టిన కోడిపుంజు. కిందికి పోయే రోడ్డు మాత్రం ఖాళీగా, నున్నగా, మెరుస్తూ ఉంది.

"మీరెలా వెళ్తారు?" అన్నారు.

"కాలిబాటన నడిచి వెళ్తామండి. మూడు గంటలు."

"నా మోకాళ్లు..." అని ఆగిపోయారు. డ్రైవర్లు నలుగురు ఉన్నారు. అందరూ ఉత్తర్వు మీది సంతకం గుర్తున్నవాళ్లలా నేల చూపులు చూశారు. చివరికి ఆయన చూపు తవిటినాయుడి మీద పడింది.

తవిటినాయుడు చేతులు జోడించాడు. "ఇంకో సంజాయిషీ రాస్తానికి నాకు ఓపిక నేదు బాబూ."

అందులో ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే ఓపిక లేదు. అరవయ్యేళ్లకు దగ్గరపడిన మనిషి, పాడు చెయ్యనందుకు ఒకసారి, పిల్లలను దింపినందుకు ఒకసారి దోషిగా నిలబడ్డవాడు. రెండు కాగితాలూ నా చేత్తో రాసినవే. అప్పుడు నాకేమనిపించిందో సరిగ్గా చెప్పలేను. కలం మాత్రం చేతిలోనే ఉంది. కొత్త కాగితం తీసుకుని, మోకాలి మీద ఫైలు పెట్టుకుని, ఇరవై ఎనిమిదేళ్ల నా విద్యనంతా పెట్టి ఒక నోట్ రాశాను.

"శిఖరమున నిలిచియున్న బస్సులు మరల ఆరోహణ చేయవలెనన్నచో, ముందుగా ఆరోహణ ప్రారంభ స్థానమునకు చేరియుండుట అనివార్యము. అట్టి చేరికను దిగుటగా పరిగణింపరాదు. దీనిని ఆరోహణ పూర్వ సన్నాహక చలనము అని వ్యవహరించవచ్చును. దీనికి ఉష్ణ లక్ష్యములు వర్తించవు. సదరు చలన సమయమున బస్సులు రిక్తముగా పోవుట సంస్థకు శోభ కాదు గనుక ప్రయాణికులను అనుమతించవచ్చును. సోమవారము నాడు హెడ్ మెకానిక్ జరిపినది ఈ కోవకు చెందిన ప్రథమ ప్రయోగముగా గుర్తించవచ్చును."

పరాంకుశం గారు దాన్ని మూడుసార్లు చదివారు. మొదటిసారి కనుబొమలు ముడిపడ్డాయి. రెండోసారి విడిపోయాయి. మూడోసారి మొహం వెలిగింది.

"ఇది నా మనసులో చాలాకాలంగా ఉన్న ఆలోచనే" అన్నారు. "మీరు మాటల్లో పెట్టారు, అంతే." అక్కడే సంతకం పెట్టారు. ముద్ర నా సంచిలో ఉంది. వేశాను.

తవిటినాయుడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పక్క సీట్లో పరాంకుశం గారు. వెనకాల ఒకదాని తరవాత ఒకటి, ఉన్న డ్రైవర్లతో నాలుగు బస్సులు కదిలాయి. ఊరివాళ్లు పసుపు దింపుకుంటూ, కోళ్లను తోలుకుంటూ పరిగెత్తారు. మిగతావాటిని మూడు రోజుల పాటు ఆ నలుగురు అయిదుగురే విడతలుగా దింపారు. మూడో మలుపు దగ్గర పరాంకుశం గారు, "ఇంజను ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి? పాడైందా?" అని అడిగారు.

"బాగున్నాది బాబూ" అన్నాడు తవిటినాయుడు. "బాగుంటే ఇలాగే ఉంటాది."

రైలు అందింది.

*

తవిటినాయుడి మీద విచారణ మూసేశాం. ప్రథమ ప్రయోగం జరిపినందుకు ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అతను దాన్ని షెడ్డులో స్పానర్ల కింద పరిచాడు. అక్కడ నూనె పీల్చుకోవడానికి ఏదో ఒకటి కావాలన్నాడు. ఇసక బస్తాల గురించి ఏ ఉత్తర్వూ లేకపోవడం చేత, వాటితో ఘాటు రోడ్డు గుంటలు పూడ్చారు. శిక్షణ పూర్తయి వచ్చిన శశిరేఖ, బ్యాటరీల గదికి తాళం తీయించమని అడిగింది. నిల్వ ఉన్న విద్యుత్తును సన్నాహక చలన సమయమందు వెలుతురు నిమిత్తము వాడవచ్చునని ఇంకో నోట్ రాశాను. దీపాలు మళ్లీ వెలిగాయి. పెట్టె రోజుకి రెండు యూనిట్లే ఇస్తోంది. లక్ష్యం ఎనిమిదే ఉంది. ప్రతి నెలా నివేదికలో "లక్ష్యము దిశగా స్థిరముగా పయనించుచున్నది" అని రాస్తాను. స్థిరంగా అనే మాట అబద్ధం కాదు.

పదకొండు మంది పిల్లల్లో పది మంది పాసయ్యారు. జయంతికి బడిలో మొదటి మార్కు వచ్చింది. లెక్కలు పోయిన కుర్రాడు సప్లిమెంటరీకి మళ్లీ తవిటినాయుడి ఇంట్లోనే దిగాడు. వంట రుచికే వచ్చాడని వాళ్లావిడ అనుమానం.

కొత్త ఉత్తర్వు వచ్చిన మర్నాడు పొద్దున్న నేను ఎగువమెట్టలోనే ఉన్నాను, తాళాల లెక్క అప్పగించడానికి. సీలు విప్పిన 2209 ఆ పొద్దునే కొండెక్కి వచ్చి, తిరిగి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. గౌరమ్మ అనాసపళ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, మెట్టు దగ్గర ఆగింది. ఇన్ని రోజుల అనుభవంతో ఆమెకు బస్సుల మీద నమ్మకం పోయింది.

"బాబూ, ఇది కిందికెల్తాదా?"

కండక్టరు ఉత్తర్వు కంఠతా పట్టినవాడు. "కిందికెల్లదమ్మా. పైకి రావడానికి సిద్దపడతాది."

గౌరమ్మ బుట్ట దించకుండా ఆలోచించింది.

"ఎక్కడికెల్లి సిద్దపడతాది?"

"నేరేడువలసకెల్లి."

"అయితే సంతకాడ ఆపు" అని బుట్ట లోపలికి తోసి ఎక్కింది.